పాత సైన్స్ ఫిక్షన్ ‘కంప్యూటర్ అక్షరాలు’: ఏ ఫాంట్, ఎంత వాడాలి, తెలుగు పక్కన ఎలా పెట్టాలి

మీరు అడిగింది ఇదీ: కాలేజీ టెక్ ఫెస్ట్‌కి పోస్టరు, స్టేజీ వెనక ఫ్లెక్సు, చిన్న వీడియో టైటిల్ చెయ్యాలి. అరవైలు, డెబ్బయిల నాటి సైన్స్ ఫిక్షన్ పోస్టర్ల మీద, పుస్తకాల అట్టల మీద కనిపించే, అక్కడక్కడా ఉబ్బినట్టుండే ‘కంప్యూటర్ అక్షరాలు’ కావాలి. ఆ ఫాంట్ పేరేమిటి, ఉచితంగా దొరుకుతుందా, తెలుగులో అలాంటిది ఉందా, మొత్తం పోస్టరంతా అదే వాడొచ్చా?

మీరు వెతుకుతున్నది డేటా 70, లేదా దానికి ముందొచ్చిన వెస్ట్‌మిన్‌స్టర్. రెండూ అమ్మకపు ఫాంట్లే. మొత్తం పోస్టరంతా వాడకూడదు. ఎనిమిది, పది అక్షరాల లోపు టైటిల్ ఒక్క వరుసకి వాడి ఆపెయ్యండి. ఉపశీర్షికకి ఉచితంగా దొరికే మైక్రోమా సరిపోతుంది. తేదీ, వేదిక, ఫోన్ నంబరు మామూలు సాదా ఫాంటులో ఉండాలి. తెలుగు విషయంలో, ఇంగ్లీషు అక్షరాల ఉబ్బుల్ని తెలుగు మీద అతికించే పని పెట్టుకోకండి. అనేక్ తెలుగు ఫాంటులో వెడల్పు, మందం పెంచుకుని, దాన్నే కొద్దిగా చదరం చేసుకుంటే ఆ కాలపు వాసన వస్తుంది. కారణాలు, కొలతలు కింద రాస్తున్నాను.

ముందు ఆ ఉబ్బులు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలిస్తే వాడకంలో సగం తప్పులు పోతాయి. మీ చెక్కు పుస్తకం తీసి కింది అంచు చూడండి. చెక్కు నంబరు, దాని పక్కన తొమ్మిదంకెల కోడ్ ఉంటాయి. ఆ తొమ్మిదిలో మొదటి మూడు ఊరివి, తర్వాతి మూడు బ్యాంకువి, చివరి మూడు బ్రాంచివి. హైదరాబాదుకి 500, విజయవాడకి 520, పిన్‌కోడ్ మొదటి మూడంకెలే. ఈ అంకెల ఆకారం పేరు ఈ-13బి. 1950ల చివర్లో అమెరికాలో చెక్కుల్ని యంత్రాలతో వేరుచెయ్యడానికి తయారైంది. 13 అంటే అంగుళంలో వెయ్యింట పదమూడు వంతులు, అంటే సుమారు 0.33 మి.మీ. ఆ అంకెలన్నీ ఆ గడి కొలతకి లోబడే గీసినవి. ఒక్కో అంకె ఎత్తు తొమ్మిది గళ్లు, దాదాపు 3 మి.మీ.

ఇనుప ఆక్సైడ్ కలిపిన సిరాతో అచ్చువేసి, దాన్ని అయస్కాంతీకరించి, రీడింగ్ హెడ్ ముందునుంచి చెక్కుని జరుపుతారు. ఎడమ కుడి దిశలో ఎక్కడ ఎంత సిరా ఉందన్న దాన్నిబట్టి ఒక్కో అంకెకి ఒక్కో తరంగం పుడుతుంది. తరంగాలు ఒకదానితో ఒకటి కలవకుండా సిరాని కావాలని ఒకచోట పోగుచేశారు. అవే ఉబ్బులు. ఈ-13బిలో మొత్తం ఉన్నవి 14 గుర్తులు: పది అంకెలు, నాలుగు ప్రత్యేక చిహ్నాలు. ఏ, బీ, సీ, డీ లేనే లేవు.

ఆ అంకెల తీరు చూసి మిగతా అక్షరాలు ఊహించి గీసినవాళ్లు డిజైనర్లు. లండన్‌లో లియో మ్యాగ్స్ 1960ల మధ్యలో గీసింది వెస్ట్‌మిన్‌స్టర్. బాబ్ న్యూమన్ 1970లో లెట్రాసెట్ కంపెనీకి చేసింది డేటా 70. అంటే ఈ అక్షరాల్ని ఏ బ్యాంకు యంత్రమూ ఎప్పుడూ చదివింది లేదు, చదవడం వాటికి చేతకాదు కూడా! అవి మనుషులకి ‘కంప్యూటర్’ అన్న భావన కలిగించడానికి పుట్టిన వేషం. నిజంగా యంత్రం చదివే అక్షరాలు చూడాలంటే పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున ఉన్న రెండు వరుసలు చూడండి. అది ఓసీఆర్-బి, అడ్రియన్ ఫ్రూటిగర్ గీసినది. ఎంత సాదాగా ఉంటుందో గమనించండి.

లెట్రాసెట్ సంగతి కూడా ఒక మాట. పారదర్శకమైన షీటు మీద అక్షరాలుండేవి; కాగితం మీద పెట్టి రుద్దితే అక్షరం దిగేది. సీసపు అచ్చులు పోతపోసే ఖర్చు లేదు కాబట్టి, ఒక్క టైటిల్‌కి తప్ప దేనికీ పనికిరాని చిత్రమైన ఫాంట్లు కూడా మార్కెట్లోకి రాగలిగాయి. ఆ కాలపు పోస్టర్లలో అక్షరాల మధ్య దూరం కాస్త ఎగుడుదిగుడుగా ఉండటానికి కారణం చేత్తో ఒక్కో అక్షరం దించడమే. మీ టైటిల్ మరీ కంప్యూటర్ కొలతలా కాకుండా పాత అచ్చులా కనిపించాలంటే కెర్నింగ్‌ని (రెండేసి అక్షరాల మధ్య దూరాన్ని) ఆటోమేటిక్‌కి వదలకుండా కంటితో సర్దుకోవాలి.

కాలాలు కలపకండి. ‘రెట్రో’ అని అడిగేవాళ్లలో ఎక్కువమంది పోస్టర్ చెడిపోయేది ఇక్కడే. ఆ కాలాలవాళ్లు ఊహించిన మూడు వేర్వేరు భవిష్యత్తులున్నాయి.

మొదటిది మైక్రోగ్రామా తీరు. 1952లో ఇటలీలోని టురిన్‌లో నెబియోలో అచ్చుల కంపెనీ కోసం అలెస్సాండ్రో బుట్టి, ఆల్డో నొవరేసే గీశారు. అన్నీ క్యాపిటల్సే. గుండ్రని ‘ఓ’ బదులు మూలలు నునుపు చేసిన చదరం, టీవీ తెర ఆకారం. 1962లో నొవరేసే చిన్న అక్షరాలు కూడా చేర్చి యూరోస్టైల్‌గా తెచ్చాడు. అంతరిక్ష నౌకల తలుపుల మీద, పరికరాల ప్యానెళ్ల మీద కనిపించే గంభీరమైన వెడల్పు అక్షరాలు ఈ జాతివే. రెండోది మీరడిగిన ఉబ్బుల తీరు. కాలిన్ బ్రిగ్నల్ 1965లో లెట్రాసెట్‌కే చేసిన కౌంట్‌డౌన్ కూడా ఈ చుట్టుపక్కలదే. మూడోది ఎనభైల తీరు: క్రోమ్ మెరుపు, గులాబి ఊదా రంగులు, కింద గళ్ల నేల, వెనక చారల సూర్యుడు.

డేటా 70 మీద ఎనభైల క్రోమ్ గ్రేడియంట్ వేస్తే రెండూ పాడవుతాయి. క్రోమ్‌కి ప్రాణం అక్షరం మధ్యలో పడే అడ్డగీత, అంటే దిగంతరేఖ. అది అన్ని అక్షరాల్లో ఒకే ఎత్తులో సాఫీగా సాగాలి. డేటా 70లో ఉబ్బులు ఒక్కో అక్షరంలో ఒక్కోచోట ఉంటాయి కనుక ఆ రేఖ ముక్కలైనట్టు కనిపిస్తుంది. ఉబ్బుల తీరుకి ఒకటే చదునైన రంగు నప్పుతుంది: నారింజ, ముదురు గోధుమ, మీగడ తెలుపు, నలుపు. నల్లటి నేల మీద ఆకుపచ్చ కూడా బాగుంటుంది. నీడలు, మెరుపులు వద్దు. క్రోమే కావాలంటే ఫాంటు మార్చి ఆర్బిట్రాన్ లేదా ఆడియోవైడ్ తీసుకోండి.

1971లో నొవరేసే చేసిన స్టాప్ అనే ఫాంటు కూడా మీ కంట పడుతుంది. అందులో అక్షరాల భాగాలు మాయమై ఉంటాయి. లోగోకి మూడు నాలుగు అక్షరాలైతే సరే. టెక్ ఫెస్ట్ పేరుకి వాడితే సగంమంది చదవలేరు.

దొరికే చోటు, లైసెన్సు గురించి. డేటా 70, యూరోస్టైల్ డబ్బు పెట్టి కొనుక్కోవలసినవి. వెస్ట్‌మిన్‌స్టర్ పాత మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉన్న కంప్యూటర్ల ఫాంట్ జాబితాలో దొరికే అవకాశం ఉంది, కాలేజీ ల్యాబులో ఒకసారి వెతకండి. ‘ఫ్రీ ఫాంట్’ సైట్లలో ఇలాంటివి చాలా ఉంటాయి. జిప్‌లో ఉన్న టెక్స్ట్ ఫైలు తెరిచి ‘పర్సనల్ యూజ్ ఓన్లీ’ అని ఉందేమో చూడండి. టికెట్టు పెట్టే ఫెస్ట్, స్పాన్సర్లున్న ఫెస్ట్ వ్యక్తిగత వాడకం కిందికి రాదు. చిక్కు లేని దారి గూగుల్ ఫాంట్స్: ఆర్బిట్రాన్, మైక్రోమా, ఆడియోవైడ్, పాత టెర్మినల్ తెర అక్షరాలకి విటి323. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నవి. పోస్టరు, టీషర్టు, లోగో, అమ్మే వస్తువు దేనిమీదైనా వేసుకోవచ్చు. ఫాంటు ఫైలుని మాత్రం విడిగా అమ్మకూడదు.

ఇక టైటిల్ పెట్టే పద్ధతి.

ముందు పేరు క్యాపిటల్స్‌లో ఒకసారి, చిన్న అక్షరాల్లో ఒకసారి కొట్టి రెండూ పక్కపక్కన పెట్టండి. ఉబ్బుల ఫాంటుల్లో చిన్న అక్షరాలే తేలిగ్గా చదవొచ్చు, ఎందుకంటే పైకి కిందికి సాగే కొమ్ములు పదానికి ఒక రూపు ఇస్తాయి. క్యాపిటల్స్‌లో అన్నీ ఒకే పెట్టె ఆకారంలోకి వచ్చేస్తాయి. ముఖ్యంగా ఓ, డీ, క్యూ, సున్నా ఒక గుంపు. బీ, ఎనిమిది ఒక గుంపు. ఎస్, అయిదు ఒక గుంపు. చదరపు తీరు ఫాంటుల్లో ఏ, ఆర్ కూడా దగ్గరవుతాయి. మీ ఫెస్ట్ పేరు చివర సంవత్సరం అతికించారనుకోండి, ‘ఓ’తో ముగిసే పేరు పక్కనే 20 వస్తే చదివేవాళ్లు తడబడతారు. సంవత్సరాన్ని వేరే రంగులో, సగం సైజులో, వేరే ఫాంటులో పెట్టండి.

తర్వాత దూరాలు. ఉబ్బు పక్కన ఉబ్బు పడినచోట నల్లటి ముద్ద కడుతుంది. ఉబ్బు లేని రెండు నిలువుగీతల మధ్య బోలుగా ఉంటుంది. ముద్ద కట్టినచోట దూరం పెంచాలి, బోలుచోట తగ్గించాలి. కళ్లు సగం మూసి చూస్తే వరుసంతా ఒకే బూడిద రంగుగా కనిపించాలి. మొత్తం ట్రాకింగ్ (వరుసంతటికీ కలిపి మార్చే అక్షరాల దూరం) డేటా 70కి సున్నా నుంచి 25 మధ్య ఉంచండి, మైనస్‌లోకి దించకండి. మైక్రోమా పుట్టుకతోనే విడివిడిగా ఉంటుంది, దానికి ఇంకా పెంచితే మాట విడిపోయి అక్షరాలు మిగులుతాయి.

సైజు లెక్క: బోర్డులవాళ్లు వాడే సాధారణ కొలత ప్రకారం పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం కావాలి. ఇది సాదా ఫాంటుకి. ఉబ్బుల ఫాంటుకి ఒకటిన్నర రెట్లు వేసుకోవడం మేలు. ఏ3 పోస్టరు వెడల్పు 297 మి.మీ.; రెండుపక్కలా 15 వదిలితే 267 మిగులుతుంది. ఎత్తు 40 మి.మీ., వెడల్పు దాని ముప్పావు అనుకుంటే ఒక్కో అక్షరం 30 మి.మీ., అంటే ఎనిమిది అక్షరాలే ఒక వరుసలో హాయిగా పడతాయి. పేరు పన్నెండు అక్షరాలుంటే రెండు వరుసలు చెయ్యండి. ఫాంటుని అడ్డంగా నొక్కడం, సాగదీయడం చెయ్యకండి. సాగదీస్తే నిలువుగీతలు మాత్రమే లావెక్కుతాయి, అడ్డగీతలు అలాగే ఉంటాయి. ఉబ్బుకీ మామూలు గీతకీ ఉన్న తేడా చెదిరిపోయి, అసలు ఆ ఫాంటు ఎందుకు తీసుకున్నామో అదే పోతుంది.

ఇప్పుడు తెలుగు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు అక్షరాలకి ఉబ్బులు అతికించిన ప్రయత్నాలు ఎక్కువగా ఒకే కారణంతో దెబ్బతింటాయి.

ఇంగ్లీషు అక్షరానికి గుర్తింపు దాని అస్థిపంజరంలో ఉంది. ‘హెచ్’కి ఒక కాలు లావు చేసినా అది హెచ్చే. తెలుగులో చాలా జంటలకి తేడా ఒక చిన్న గుర్తులోనే ఉంది. ద అడుగున నిలువు గీత పడితే ధ. చ అడుగున పడితే ఛ. డ అడుగున పడితే ఢ. ర కడుపులో చుక్క పెడితే ఠ. మీరు అందం కోసం ద అడుగున ఉబ్బు పెడితే చదివేవాడి కన్ను దాన్ని ఒత్తుగానే లెక్కేస్తుంది. ర లోపలి అంచుకి ఉబ్బు పెడితే దూరం నుంచి ఠ. కాబట్టి అడుగు మధ్యలోనూ, కడుపులోనూ ఏదీ చేర్చకూడదు. ఈ రెండు చోట్లూ వదిలేస్తే ఉబ్బుకి మిగిలే చోటు చాలా తక్కువ.

రెండో చిక్కు తలకట్టు. ఘ, ప, ఫ, ష, స, హ అక్షరాల్లో తలకట్టు ఒంటికి తగలదు, మధ్యలో సందు ఉంటుంది. వ లాంటి వాటిలో తగులుతుంది. ఫొటోషాప్‌లో స్ట్రోక్, ఔటర్ గ్లో, లేదా కోరెల్‌లో మందమైన అవుట్‌లైన్ వేసినప్పుడు ఆ సందు పూడుకుపోతుంది. ‘పని’ కాస్తా ‘వని’ అవుతుంది. ఫ్లెక్సు మీద పెద్ద సైజులో బానే కనిపించినా వాట్సాప్‌లో పంపే చిన్న బొమ్మలో ఇది పట్టుబడుతుంది. స్ట్రోక్ వెయ్యక తప్పకపోతే, ముందు అక్షరాల్ని కర్వ్స్‌లోకి (టైపు అక్షరం కాకుండా గీతల బొమ్మగా) మార్చి, తలకట్టుని స్ట్రోక్ మందానికి రెట్టింపు మేర పైకి జరిపి, ఆ తర్వాత వెయ్యండి. రెట్టింపు ఎందుకంటే గీత రెండువైపులనుంచీ, అంటే ఒంటినుంచీ తలకట్టునుంచీ, సందులోకి పెరుగుతుంది.

నేను సూచించే పద్ధతి ఇది. ఏక్ టైప్ సంస్థ చేసిన అనేక్ తెలుగు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. ఇది వేరియబుల్ ఫాంటు: మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా జరుపుకోవచ్చు. వెడల్పు 125, మందం 700 పెట్టండి. మైక్రోగ్రామా తీరులోని బల్లపరుపు భావం సగం దీంతోనే వస్తుంది. పైగా గీసినవాళ్లే వెడల్పు చేసిన అక్షరాలు కాబట్టి సాగదీసిన వికారం ఉండదు. మీ సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు రాకపోతే జిప్‌లో స్టాటిక్ అనే ఫోల్డరులో ఎక్స్‌పాండెడ్ రకాలు విడిగా ఉంటాయి, వాటిని ఇన్‌స్టాల్ చేసుకోండి.

తర్వాత కర్వ్స్‌లోకి మార్చి మూడు పనులు చెయ్యండి, అంతకుమించి వద్దు. ఒకటి, పెద్ద వంపుల పైభాగాన్నీ అడుగునూ కాస్త చదును చేసి మూలలు నునుపుగా ఉంచండి. గుండ్రం పోయి టీవీ తెర ఆకారం వస్తుంది. అన్ని అక్షరాలకీ మూల వ్యాసార్థం ఒకటే ఉండాలి. ర, గ, న, ల, త ఇందుకు బాగా లొంగుతాయి. క, ఖ, ఱ, జ్ఞ మొండికేస్తాయి. రెండు, ఉబ్బుల బదులు వరుస మొత్తానికీ ఒకే ఎత్తులో కింది పావు భాగంలో గీతని లావు చెయ్యండి. అన్ని అక్షరాల్లోనూ ఒకేచోట ఉంటే కన్ను దాన్ని ఒత్తుగా పొరబడదు, శైలిగా తీసుకుంటుంది. మూడు, ఇష్టమైతే ఆ లావు మొదలయ్యేచోట సన్నటి అడ్డకోత పెట్టండి. కోత వెడల్పు గీత మందంలో పదో వంతుకి తగ్గితే అచ్చులో పూడుకుపోతుంది. కింది ఒత్తుల మీదికి మాత్రం కోతని తీసుకెళ్లకండి; అసలే చిన్నవి, తెగిపోతే ఏ ఒత్తో తెలియదు.

మాట ఎంపిక మీ చేతిలో ఉంటే సగం పని తగ్గుతుంది. ఇలాంటి టైటిల్‌కి అందరూ కోరేది ‘భవిష్యత్తు’. అందులో ష కింద య ఒత్తు, త కింద త ఒత్తు. ఒకటి పక్కకి సాగుతుంది, ఒకటి కిందికి దిగుతుంది. చదును చేసిన వరుస అడుగున ఈ రెండూ విడిగా వేలాడతాయి. ‘గగనం’, ‘తరంగం’, ‘రోదసి’ లాంటి ఒత్తుల్లేని మాటలు అచ్చంగా ఒక పట్టీలా కూర్చుంటాయి. భవిష్యత్తే కావాలంటే ఆ వరుస కింద కనీసం అక్షరం ఎత్తులో సగం ఖాళీ వదలండి. ఇంగ్లీషు ఉపశీర్షికని అక్కడికి జొప్పించకండి.

ఇంగ్లీషు, తెలుగు రెండూ ఉంటే వాటిలో ఒకదానికే వేషం కట్టాలి. ఇంగ్లీషు డేటా 70లో, తెలుగు సాదా అనేక్‌లో. లేదా తెలుగు చదరం చేసినది, ఇంగ్లీషు మైక్రోమాలో. రెండూ అలంకరిస్తే పోస్టరులో ఎటు చూడాలో తెలియదు.

టైపింగ్ దగ్గర వచ్చే అడ్డంకి: పాత ఫొటోషాప్ వెర్షన్లలో యూనికోడ్ తెలుగు కొడితే ఒత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తే, ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుని, కొత్త టెక్స్ట్ లేయర్ తెరవండి. పాత కోరెల్ వెర్షన్లలో యూనికోడ్ తెలుగు సరిగా కూర్చోదు. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో పని నడవడానికి అదీ ఒక కారణం. అను ఫాంట్లు యూనికోడ్ కావు. మీరు వాట్సాప్‌లో పంపిన తెలుగు వాక్యాన్ని డీటీపీ ఆపరేటరు మళ్లీ కొట్టవలసిందే, అక్కడే అచ్చుతప్పులు దూరతాయి. టైటిల్‌ని మీరే కర్వ్స్‌గా మార్చిన పీడీఎఫ్‌లో ఇచ్చెయ్యండి.

ఏ పదార్థం మీద ఏం జరుగుతుందో చూద్దాం.

ఫ్లెక్సు. 20 అడుగులు × 8 అడుగుల స్టేజీ బ్యానరుకి 72 డీపీఐ చాలు: 17,280 × 6,912 పిక్సెళ్లు. చుట్టూ మూడు అంగుళాలు మడతకీ, తాడు కట్టే కళ్లకీ (రంధ్రాలకీ) వదలండి. వంద అడుగుల దూరంలో కూర్చున్నవాళ్లకి సాదా అక్షరం పది అంగుళాలుండాలి, ఉబ్బుల తీరైతే పదిహేను. వక్తల తలలు బ్యానరు కింది సగాన్ని కప్పేస్తాయి కనుక టైటిల్ పై సగంలో ఉంచండి.

రేడియం స్టిక్కర్ కటింగ్. ప్లాటర్ కత్తి గీత వెంట వెళ్తుంది. కర్వ్స్‌లోకి మార్చాక అక్షరాల భాగాలు ఒకదానిమీద ఒకటి పడి ఉంటే అక్కడా కోసేస్తుంది, కాబట్టి వెల్డ్ చెయ్యాలి (ముక్కల్ని ఒకే ఆకారంగా కలపాలి). అయితే వెల్డ్ చేసేముందు ప, స, హ తలకట్ల సందు మళ్లీ చూసుకోండి. గీత 2 మి.మీ. కన్నా సన్నమైతే పీకేటప్పుడు లేచి వచ్చేస్తుంది. డేటా 70లో లావు భాగం చూసి సైజు నిర్ణయించకండి, సన్నభాగం కొలవండి.

ఏసీపీ (అల్యూమినియం పొరల షీటు) బోర్డు మీద వెలిగే యాక్రిలిక్ అక్షరాలు. మూడు దీపాల ఎల్ఈడీ మాడ్యూల్ వెడల్పు సుమారు 15 మి.మీ. రెండుపక్కలా గోడ, చోటు కలుపుకుంటే గీత కనీసం 25 మి.మీ. ఉండాలి. ఉబ్బుల ఫాంటులో లావుచోట రెండు వరుసల దీపాలు, సన్నచోట ఒక వరుస పడతాయి. రాత్రిపూట ఉబ్బులు మండుతున్నట్టూ మిగతాది ఆరినట్టూ కనిపిస్తుంది. ఈ పనికి మాత్రం ఒకే మందం గీతలున్న మైక్రోమా, ఆర్బిట్రాన్ తీసుకోండి.

టీషర్టు. స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా పాకుతుంది. అక్షరాల లోపలి సందు అర మిల్లీమీటరుకి తగ్గకూడదు, ముదురు గుడ్డ మీద తెల్ల సిరా అయితే ఒక మిల్లీమీటరు ఉంచండి. ఎంబ్రాయిడరీకి ఉబ్బుల తీరు వద్దే వద్దు. చిన్న సైజులో దారం లోపలి చదరాల్ని పూడ్చేస్తుంది.

వీడియో. 1920 × 1080లో టైటిల్ ఎత్తు 120 నుంచి 160 పిక్సెళ్లు, సన్నగీత నాలుగు పిక్సెళ్లకి తగ్గకుండా. పాత తెర భ్రమ కోసం అడ్డచారలు వేస్తే, ఫోనులో చిన్న సైజులో ఆడినప్పుడు అవి కదిలే అలల్లా మారతాయి. చారలు మూడు నాలుగు పిక్సెళ్ల మందం ఉంచి పారదర్శకత ఎక్కువ పెట్టండి. రంగు విషయంలో ఒక కిటుకు: మామూలు వీడియో ఫైళ్లలో వెలుతురు పూర్తి వివరంగా, రంగు సగం వివరంగా నిల్వ అవుతుంది. అందుకే నల్లనేల మీద ముదురు ఎరుపు, నీలం అక్షరాల అంచులు అలుక్కుపోతాయి. అక్షరాన్ని తెల్లగా లేదా లేతగా ఉంచి, చుట్టూ గ్లో మాత్రం రంగులో పెడితే పదునుగా ఉంటుంది.

పోస్టరులో మిగిలిన సమాచారం సంగతి. ఫోన్ నంబరు, సమయం, హాలు నంబరు, రిజిస్ట్రేషన్ లింకు ఏ అలంకారపు ఫాంటులోనూ పెట్టకండి. ఒక్క ఎనిమిది బీలా కనిపించినా లింకు తెరుచుకోదు. యూపీఐ క్యూఆర్ కోడ్‌ని డిజైన్‌కి తగ్గట్టు రంగులు తిప్పడం, మూలలు గుండ్రం చెయ్యడం కూడా వద్దు; తెల్లనేల మీద నల్లగా, చుట్టూ ఖాళీ వదిలి పెట్టండి.

బహుమతులిచ్చేటప్పుడు విజేతల చేతికి పెద్ద డమ్మీ చెక్కు ఇచ్చే ఆలోచన ఉంటే, అసలు ఈ-13బి అంకెలు వాడటానికి అంతకన్నా మంచి సందర్భం లేదు. గ్నూమైకర్ అనే ఉచిత ఫాంటులో ఆ 14 గుర్తులూ ఉన్నాయి. పేర్లు, మొత్తం మాత్రం దాంతో రాయలేరు, అక్షరాలు లేవు కదా. కింది పట్టీలో అన్నీ సున్నాలు పెట్టండి. ఎవరిదో అసలు చెక్కు ఫొటో తీసి దాని మీద డిజైన్ చేస్తే ఖాతా వివరాలు స్టేజీ ఫొటోలతో పాటు ఊరంతా తిరుగుతాయి. బ్యాంకు లోగో కూడా వాడకుండా ఫెస్ట్ లోగో పెట్టుకోండి.

చివరగా, ప్రెస్సుకి ఇచ్చే ముందు పోస్టరుని ఏ4 మీద నలుపు తెలుపులో ఒక ప్రింటు తీసి, ఫెస్ట్ పేరు ముందు తెలియని మనిషికి మూడు మీటర్ల దూరంనుంచి చూపించి పైకి చదవమనండి. పేరు చదవడంలో ఆగితే ముందు అక్షరాల దూరాలు సర్దండి. అప్పటికీ ఆగితే ఉబ్బుల ఫాంటు మానేసి మైక్రోమాకి రండి. ఫైలు పీడీఎఫ్‌లో, అక్షరాలన్నీ కర్వ్స్‌గా, చుట్టూ 3 మి.మీ. బ్లీడ్‌తో (కోతకి వదిలే అదనపు అంచుతో) ఇవ్వండి. దిద్దుబాటు వస్తే పనికొచ్చేలా, టెక్స్ట్ మార్చగలిగే అసలు ఫైలు వేరే పేరుతో మీ దగ్గర దాచుకోండి.